అప్‌డేట్ చేయడమూ ఉద్యోగమే!

‘మీ దగ్గర 300 విండోస్ సర్వర్లున్నాయి. అన్నీ వర్చువల్ మెషిన్లే. వాటిలో ఉన్న వీఎంవేర్ టూల్స్ పాతబడింది. కొత్త వెర్షన్ వేయాలి. ఎలా వేస్తారు?’

సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్, ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ సపోర్ట్ కొలువుల ఇంటర్వ్యూకి వెళ్తే ఈ తరహా ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి. వినగానే నోటికొచ్చే జవాబు ఒకటుంది: ‘అన్నిటినీ సెలెక్ట్ చేసి అప్‌డేట్ కొట్టేస్తాను సార్’. సాంకేతికంగా అది తప్పు కాదు. అలా చేసే వీలు నిజంగానే ఉంది. కానీ ఇంటర్వ్యూ అక్కడితో అయిపోయినట్టే. అవతలివాళ్లకు కావాల్సింది మీట ఎక్కడుందో తెలిసినవాడు కాదు, దాన్ని ఎప్పుడు నొక్కాలో, ఎప్పుడు నొక్కకూడదో తెలిసినవాడు.

పిట్టలవానిపాలెం లాంటి మండలం నుంచి బాపట్లకో, తెనాలికో, రేపల్లెకో వెళ్లి చదువుకునే మన విద్యార్థులకు ఈ జవాబు నిజానికి కొత్తేమీ కాదు. వరి పండించే ఇళ్లల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. దాన్ని కంప్యూటర్ భాషలో చెప్పడం రావాలి, అంతే.

ఇంతకీ ఈ గెస్ట్ సాఫ్ట్‌వేర్ ఏంటి?

ఒక పెద్ద ఇంటిని పది వాటాలుగా చేసి అద్దెకిచ్చారనుకోండి. ఇల్లు ఒకటే, బోరు ఒకటే, కరెంటు లైను ఒకటే. కానీ ఎవరి వాటా వాళ్లది, ఎవరి తాళం వాళ్లది. డేటా సెంటర్‌లో జరిగేదీ అదే. ఒక పెద్ద భౌతిక సర్వర్‌ను సాఫ్ట్‌వేర్ సాయంతో వాటాలు చేస్తారు. ఆ పెద్ద సర్వర్‌ను హోస్ట్ అంటారు. ఒక్కో వాటాలో నడిచే విండోస్‌ను గెస్ట్ అంటారు.

తనుంటున్నది వాటాలోనని ఆ విండోస్‌కు దానంతట దానికి పెద్దగా తెలియదు. అందుకే లోపల ఒక చిన్న సాఫ్ట్‌వేర్ పెడతారు. వీఎంవేర్‌లో దాని పేరు వీఎంవేర్ టూల్స్. మైక్రోసాఫ్ట్ హైపర్-వీలో ఇంటిగ్రేషన్ సర్వీసెస్. మీ ల్యాప్‌టాప్‌లో వేసుకునే వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ అడిషన్స్. పేర్లు వేరైనా పని ఒకటే. నెట్‌వర్క్, డిస్క్ వేగంగా పనిచేయడానికి కావాల్సిన డ్రైవర్లు ఇందులోనే ఉంటాయి. సర్వర్‌ను సవ్యంగా షట్‌డౌన్ చేయడం, గడియారం సరిచూడటం, బ్యాకప్ తీసేటప్పుడు లోపలి డేటాను ఒక క్షణం నిలకడగా ఉంచడం, ఇవన్నీ దీని పనులే.

ఇక్కడే మెలిక. ఇది మామూలు అప్లికేషన్ కాదు, డ్రైవర్ల మూట. నెట్‌వర్క్ డ్రైవర్ మారేటప్పుడు సర్వర్ కొన్ని క్షణాలు నెట్‌వర్క్ నుంచి తెగిపోవచ్చు. డిస్క్ డ్రైవర్ తేడా చేస్తే సర్వర్ అసలు లేవకపోవచ్చు. చాలాసార్లు రీబూట్ అడుగుతుంది. మధ్యాహ్నం 12 గంటలకు బ్యాంకు సర్వర్ రీబూట్ అయితే ఏమవుతుందో వేరే చెప్పాలా!

‘అంత ప్రమాదమైతే ముట్టుకోకుండా వదిలేస్తే పోలేదా?’ అని అడగొచ్చు. వదిలేస్తే ఏమవుతుందో, తొందరపడితే ఏమవుతుందో చెప్పడానికి మన కళ్లముందే రెండు ఉదాహరణలున్నాయి.

వదిలేస్తే... 2017 మే

2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ విండోస్‌లోని ఒక పెద్ద లోపానికి మందు విడుదల చేసింది. ఎంఎస్17-010 అని దాని పేరు. సరిగ్గా 59 రోజుల తర్వాత, మే 12న, ‘వాన్నా క్రై’ అనే రాన్సమ్‌వేర్ అదే లోపాన్ని పట్టుకుని ప్రపంచం మీద పడింది. దాదాపు 150 దేశాలు, 2 లక్షలకు పైగా కంప్యూటర్లు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి.

ఇది ఎక్కడో దూరపు కథ కాదు. మర్నాడు మన రాష్ట్రంలోనే చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు యూనిట్లలో కంప్యూటర్లు దీని బారిన పడ్డాయని వార్తలొచ్చాయి. పిట్టలవానిపాలెం అప్పటికి గుంటూరు జిల్లాలోనే ఉంది. బాపట్ల జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న.

ఆ మార్చి అప్‌డేట్ వేసుకున్న యంత్రాల్లోకి ఆ లోపం గుండా పురుగు దూరలేకపోయింది. మందు వచ్చిన రోజుకూ, మందు వేసిన రోజుకూ మధ్య ఎన్ని రోజులన్నదే అసలు తేడా.

గెస్ట్ సాఫ్ట్‌వేర్‌కూ ఇదే వర్తిస్తుంది. 2025 మార్చి 25న విండోస్ కోసం ఉన్న వీఎంవేర్ టూల్స్‌లో ఒక లోపం బయటపడింది. సీవీఈ-2025-22230 దాని నంబరు. అడ్మిన్ హక్కులు లేని మామూలు యూజర్ కూడా ఆ వర్చువల్ మెషిన్ లోపల పెద్ద హక్కులు కావాల్సిన కొన్ని పనులు చేసేయగల లోపం అది. తీవ్రత 10కి 7.8. వేరే దారి లేదు, 12.5.1 వెర్షన్‌కు మారడమే పరిష్కారమని కంపెనీ చెప్పింది. ‘ఎందుకొచ్చిన గొడవ, నడుస్తోందిగా’ అని వదిలేసినవాళ్ల సర్వర్లలో ఆ తలుపు తీసే ఉంటుంది.

తొందరపడితే... 2024 జులై

2024 జులై 19, శుక్రవారం. మన సమయం ప్రకారం ఉదయం 9.39. క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్ ఉన్న విండోస్ యంత్రాలకు ఒక అప్‌డేట్ పంపింది. అందులో తప్పుంది. అది అందుకున్న కంప్యూటర్లు నీలం తెరతో కూలిపోయాయి. 78 నిమిషాల్లో, అంటే 10.57కి, కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయి. ప్రపంచంలోని మొత్తం విండోస్ యంత్రాల్లో ఇది ఒక్క శాతం కూడా లేదు. అయినా విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు ఆగిపోయాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

ఇది గెస్ట్ సాఫ్ట్‌వేర్ కాదు, నిజమే. కానీ విండోస్ గుండెకాయ దగ్గర పనిచేసే సాఫ్ట్‌వేర్‌ను ఒక్కసారిగా, అన్నిచోట్లా మారిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద పాఠం లేదు. అప్‌డేట్ వెళ్లింది నిమిషాల్లో. సరిచేయడానికి పట్టింది రోజులు. ఎందుకంటే, చాలా యంత్రాల దగ్గరికి మనిషి వెళ్లాలి, సేఫ్ మోడ్‌లో తెరవాలి, ఆ ఫైలు తీసేయాలి. డిస్క్‌కు తాళం ఉంటే రికవరీ కీ వెతకాలి. వర్చువల్ మెషిన్లకైతే కొందరు అడ్మిన్లు ఒక్కోదాని డిస్క్‌ను విడదీసి, బాగున్న మరో మెషిన్‌కు తగిలించి, చెడ్డ ఫైలు తీసేసి, మళ్లీ తెచ్చి పెట్టారు. ఆ రాత్రుళ్లు కంపెనీలను నిలబెట్టింది ఈ పని తెలిసినవాళ్లే.

తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ ఏం చెప్పింది? ఇకపై ఇలాంటి అప్‌డేట్లను అందరికీ ఒకేసారి కాకుండా, ముందు కొద్దిమందికి, బాగుంటే మరికొందరికి, దశలవారీగా పంపుతామంది. అంత నష్టం తర్వాత వాళ్లు చేరిన చోటు ఏదో కాదు, మన వరి రైతు ఎప్పుడూ ఉండే చోటే.

బాపట్ల వంగడం నేర్పేది

మన ప్రాంతంలో బీపీటీ 5204 తెలియని ఇల్లుండదు. సాంబ మసూరి అంటాం. 1986లో విడుదలైంది. బీపీటీ అంటే బాపట్ల. ఇక్కడి వ్యవసాయ శాస్త్రవేత్తల చేతుల్లో పుట్టిన వంగడం అది.

ఒక కొత్త వంగడం రైతు పొలానికి ఎలా వస్తుందో ఎప్పుడైనా గమనించారా? ముందు పరిశోధన కేంద్రంలోని మడిలో వేస్తారు. తర్వాత వేర్వేరు కేంద్రాల్లో పరీక్షిస్తారు. అక్కడా బాగుంటే మినీకిట్లు, అంటే చిరుసంచులు, కొద్దిమంది రైతులకిస్తారు. వాళ్లు తమ పొలంలో కొంత మేర వేసి చూస్తారు. నల్లరేగడిలో ఎలా ఉంది, తీరం దగ్గరి చౌడు నేలలో ఎలా ఉంది, గాలివానకు పడిపోతోందా, తెగుళ్లు తట్టుకుంటోందా... ఇవన్నీ చూశాకే విడుదల. విడుదలయ్యాక కూడా బుద్ధున్న రైతు మొదటి ఏడాది పొలమంతా వేయడు. ఎకరంలో వేసి చూస్తాడు.

ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి, కొత్త విత్తనం వద్దని ఎవరూ కూర్చోరు. రెండు, అందరూ ఒకేసారి వేయరు. సర్వర్ల అప్‌డేట్‌కు కావాల్సిన బుద్ధి ఇంతే. వాన్నా క్రై మొదటిదాన్ని మర్చిపోతే వచ్చిన నష్టం. క్రౌడ్‌స్ట్రైక్ రెండోదాన్ని మర్చిపోతే వచ్చిన నష్టం.

మరి 300 సర్వర్ల ప్రశ్నకు జవాబు?

మొదట లెక్క. ఏ సర్వర్‌లో ఏ వెర్షన్ ఉంది, ఏ విండోస్ ఉంది, దాని మీద ఏం నడుస్తోంది, దానికి యజమాని ఎవరు? ఈ పట్టిక లేకుండా చేసే అప్‌డేట్ కళ్లకు గంతలు కట్టుకుని బండి నడపడమే. పవర్‌షెల్ మీద నడిచే పవర్‌సీఎల్ఐతో ఈ పట్టికను తేలిగ్గానే తీయొచ్చు. పాత విండోస్ సర్వర్లుంటే కొత్త టూల్స్ వాటికి పనిచేస్తుందా లేదా అన్నది విడుదల నోట్స్‌లో చదవాలి. ఆ నోట్స్ చదివే ఓపిక ఉన్నవాడు సగం గెలిచినట్టే.

తర్వాత గుంపులు. మొదటి గుంపు టెస్ట్ సర్వర్లు. రెండో గుంపు నిజంగా పనిలో ఉన్నవాటిలో ఓ పది, పదిహేను. ఇక్కడ చిరుసంచుల పాఠం గుర్తుంచుకోండి. ఒకే రకం సర్వర్లు పది తీసుకుంటే ఏమీ తెలియదు. ఒక డేటాబేస్, ఒక వెబ్ సర్వర్, ఒక ఫైల్ సర్వర్, ఒక పాత విండోస్, ఇలా ప్రతి నేలలో ఒక మొక్క ఉండాలి. అవి కొన్ని రోజులు సజావుగా నడిచాక మూడో గుంపు. ఆఖర్న బాగా కీలకమైనవి. డొమైన్ కంట్రోలర్లు రెండుంటే రెండూ ఒకే రాత్రి ఒకేసారి ముట్టుకోకూడదు. క్లస్టర్‌లో ఉన్న సర్వర్లైతే ఒకదాని పనిని రెండోదానికి మార్చి, మొదటిది పూర్తయ్యాకే రెండోది.

వేసే ముందు తిరుగుదారి. బ్యాకప్ ఉందా చూసుకోవాలి. అవసరమైనచోట స్నాప్‌షాట్ తీయాలి. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదన్నది ఇంటర్వ్యూలో తప్పకుండా అనాల్సిన మాట. దాన్ని అలాగే వదిలేస్తే డిస్క్ నిండిపోతుంది, సర్వర్ మందగిస్తుంది. 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేర్ చెబుతుంది. నెట్‌వర్క్ పోతే రిమోట్ డెస్క్‌టాప్ కూడా పోతుంది కాబట్టి, కన్సోల్ నుంచి లోపలికెళ్లే దారి, లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ చేతిలో ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

ఆ తర్వాతే వేయడం. వీసెంటర్ నుంచి వేయొచ్చు. సర్వర్ రీబూట్ అయినప్పుడు దానంతటదే కొత్త టూల్స్ వేసుకునేలా సెట్టింగ్ పెట్టొచ్చు. నెలనెలా విండోస్ అప్‌డేట్ల కోసం ఎలాగూ రీబూట్ ఉంటుంది కాబట్టి ఒకే రీబూట్‌తో రెండు పనులవుతాయి. కానీ ఏదైనా చెడితే తప్పు ఎవరిదో తేల్చడం కష్టం. కాన్ఫిగరేషన్ మేనేజర్ లాంటి పనిముట్టుతో తెరమీద ఏమీ అడగకుండా నిశ్శబ్దంగానూ వేయొచ్చు. రీబూట్‌ను ఆపిపెట్టే ఆప్షన్ ఉంటుంది. అయితే ఆపిపెట్టిన రీబూట్ తీరిపోయిన బాకీ కాదు. అది అయ్యేదాకా పని పూర్తికానట్టే. హైపర్-వీ విషయానికొస్తే, విండోస్ సర్వర్ 2016 నుంచి ఇంటిగ్రేషన్ సర్వీసెస్ విండోస్ అప్‌డేట్ ద్వారానే గెస్ట్‌లకు వస్తున్నాయి. ఏ దారికి ఆ లాభనష్టాలున్నాయని చెప్పగలిగితే చాలు.

చివరగా సరిచూడటం. సర్వర్ పింగ్ ఇస్తే సరిపోదు. అప్లికేషన్ తెరుచుకోవాలి, బ్యాకప్ ఆ రాత్రి సవ్యంగా నడవాలి, ఐపీ అడ్రస్ మారకుండా ఉండాలి. ఎన్ని అయ్యాయి, ఎన్ని కాలేదు, కానివి ఎందుకు కాలేదన్నది ఒక పేజీలో రాసి పంపాలి. 300లో 296 అయ్యాయంటే మిగిలిన 4 ఎక్కడున్నాయో చెప్పగలగాలి. దాడి చేసేవాడు వెతికేది ఆ నాలుగింటినే.

‘ఎక్కడ ఆగుతారు?’ అని కూడా అడుగుతారు. రెండో గుంపులో ఒక్కటి సరిగ్గా లేవకపోయినా మూడో గుంపు ఆపేస్తానని చెప్పండి. పైవాళ్లు తొందరపెట్టినా సరే, కారణం తెలిసేదాకా ఆగుతానని చెప్పండి. ఆ వాక్యమే మీకు ఉద్యోగం తెచ్చిపెట్టొచ్చు.

ఆటోమేషన్ వచ్చేస్తే ఈ పనులుంటాయా?

న్యాయమైన అనుమానమే. మీట నొక్కే పని యంత్రానికి పోతుంది, చాలావరకు పోయింది కూడా. కానీ క్రౌడ్‌స్ట్రైక్ అప్‌డేట్ పూర్తిగా ఆటోమేటిక్‌గా వెళ్లిందే కదా! ఆటోమేషన్ పెరిగేకొద్దీ ఒక చిన్న తప్పు చేరే దూరం పెరుగుతుంది. దాంతో పాటే గుంపులు ఎలా చేయాలి, ఎక్కడ ఆపాలి అని నిర్ణయించే మనిషి విలువా పెరుగుతుంది. క్లౌడ్‌కు వెళ్లినా గెస్ట్ లోపల ఒక ఏజెంట్, డ్రైవర్లు ఉండనే ఉంటాయి. వాటికీ అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి.

ఇంకో మాట. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొనేసింది. లైసెన్సుల పద్ధతి మారడంతో కొన్ని సంస్థలు వేరే వేదికల వైపు చూస్తున్నాయి. కాబట్టి ఒక కంపెనీ మెనూలు బట్టీ పట్టొద్దు. లెక్క, గుంపులు, తిరుగుదారి, సరిచూడటం అనే ఈ వరస పట్టుకోండి. వేదిక మారినా వరస మారదు.

ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి ఇదీ చెప్పాలి: ఈ కొలువులో రాత్రిళ్లుంటాయి. మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు నెలలో రెండో మంగళవారం వస్తాయి. మనకది మంగళవారం రాత్రి పొద్దుపోయాక. సర్వర్లు ముట్టుకునే వేళ చాలాచోట్ల శనివారం రాత్రో, ఆదివారం తెల్లవారుజామో ఉంటుంది. సవ్యంగా చేస్తే ఎవరూ మెచ్చుకోరు, ఎందుకంటే ఏమీ జరగలేదు కాబట్టి. ఆ ‘ఏమీ జరగకపోవడం’ విలువ తెలిసినవాళ్లకే ఈ దారి సరిపడుతుంది.

ల్యాప్‌టాప్‌లోనే ల్యాబ్

దీనికి హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లి హాస్టల్‌లో చేరక్కర్లేదు. వర్చువల్‌బాక్స్ ఉచితం. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా 2024 నవంబరు నుంచి అందరికీ ఉచితమే. మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్‌ను 180 రోజుల పరీక్షా కాలానికి ఉచితంగా ఇస్తుంది. ఫైలు పెద్దది కాబట్టి కాలేజీ నెట్‌లో దించుకోండి. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంటే మూడు సర్వర్లు హాయిగా నడుస్తాయి. 8 జీబీనే ఉంటే గ్రాఫికల్ తెర లేని సర్వర్ కోర్‌తో ఒకటి, రెండు నడిపించండి.

ఒక సర్వర్‌ను డొమైన్ కంట్రోలర్ చేయండి. మిగతావాటిలో కావాలనే పాత వెర్షన్ గెస్ట్ సాఫ్ట్‌వేర్ వేయండి. వెర్షన్ రాసుకోండి. స్నాప్‌షాట్ తీయండి. ఇంకో సర్వర్ నుంచి పింగ్ ఆగకుండా నడిపిస్తూ ఒకదాన్ని అప్‌డేట్ చేయండి. ఎన్ని పింగ్‌లు పోయాయి, అసలు పోయాయా? రీబూట్ అడిగిందా? సర్వీసులన్నీ లేచాయా? తర్వాత కావాలనే చెడగొట్టి వెనక్కి తెచ్చుకోండి. చివరికి ఏ సమయానికి ఏం చేశారో ఒక పేజీలో రాయండి. ఆ పేజీని ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి. అందులో మీరు చేసిన తప్పులు కూడా ఉంటే ఇంకా మంచిది.

కాలేజీలకూ ఒక మాట

అధ్యాపకులకు ఒక విన్నపం. ఫుల్ స్టాక్, ఏఐ కోర్సుల పోస్టర్లు గోడలనిండా ఉన్నాయి, మంచిదే. కానీ ఆ అప్లికేషన్లన్నీ ఏదో ఒక సర్వర్ మీదే నడుస్తాయి. ఆ సర్వర్‌ను చూసుకునేవాళ్లూ మన పిల్లల్లోంచే రావాలి. కాలేజీ ల్యాబ్‌లో ఉన్న కంప్యూటర్ల అప్‌డేట్ బాధ్యతను ఒక సెమిస్టర్ పాటు ఆఖరి ఏడాది విద్యార్థుల బృందానికి అప్పగించి చూడండి. పట్టిక వాళ్లే వేయాలి, గుంపులు వాళ్లే చేయాలి, ఏదైనా చెడితే వాళ్లే బాగుచేయాలి. ఖర్చు లేని ఇంటర్న్‌షిప్ అది.

విద్యార్థులకు చివరగా: ఈసారి నాట్లప్పుడు ఇంటికెళ్తే, కొత్త విత్తనం పొలమంతా ఎందుకు వేయలేదని నాన్ననో, తాతయ్యనో అడగండి. వాళ్లు చెప్పే జవాబును 300 సర్వర్లకు వర్తింపజేసి చెప్పడం సాధన చేయండి. మీ ఇంటర్వ్యూ తయారీ అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.